టాంకు అడుగున ఉన్న సాక్ష్యం: పాత పెట్రోమాక్స్ లైట్లలో అరుదైన రకాలను గుర్తించడం

సభకు నమస్కారం. ఈ బల్ల మీద మూడు లైట్లు పెట్టాను. దూరం నుంచి చూస్తే మూడూ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి: కింద గుండ్రటి టాంకు, నడుమ గ్లాసు, పైన టోపీ, పట్టుకోవడానికి వంపు తిరిగిన పిడి. మనవైపు వీటిని కొందరు గ్యాసు లైట్లనీ, కొందరు పెట్రోమాక్స్ లైట్లనీ అంటారు. వీటిలో గ్యాసు బండ ఉండదు కాబట్టి మొదటి పేరు తప్పని చాలామంది అనుకుంటారు. నిజానికి అది తప్పు కాదు, ఎందుకంటే టాంకులోని కిరసనాయిలు గాలి ఒత్తిడికి పైకెక్కి, వేడి గొట్టంలో ఆవిరై, ఆ ఆవిరే గ్యాసులా మండి, బర్నరుకు కట్టే సన్నని వలగుడ్డ సంచి అయిన మాంటిల్‌ను వెలిగిస్తుంది. మనల్ని దారి తప్పించేది రెండో పేరే. పెట్రోమాక్స్ అనేది ఒక జర్మన్ కంపెనీ పెట్టుకున్న పేరు, మనమేమో ఎవరు చేసిన లైటునైనా ఆ పేరుతోనే పిలుస్తాం. అందువల్ల ఒకరు నాకు ఫోను చేసి తమ ఇంట్లో పెట్రోమాక్స్ ఉందని చెప్పినప్పుడు, ఆ మాటతో నాకు తెలిసేది వారింట్లో పంపు లైటు ఒకటి ఉందన్న సంగతి మాత్రమే.

మా నాన్నగారు పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊళ్లో లైట్లు అద్దెకిచ్చే షాపు నడిపేవారు. పెళ్ళి ఊరేగింపులకు, హరికథలకు, బుర్రకథలకు, జాతరలకు మా లైట్లే వెళ్లేవి. తలకు చుట్టకుదురు పెట్టుకుని, దాని మీద లైటు మోస్తూ, బాజాల వెంట రాత్రంతా నడిచిన మనుషులను నేను దగ్గరగా చూశాను. మాంటిల్ కట్టడం, పంపుకు తోలు వాషరు వేసి నూనె రాయడం, మసిపట్టిన నాజిల్‌ను విప్పి శుభ్రం చేయడం నాకు పన్నెండేళ్లు నిండకముందే చేతికి వచ్చాయి. ఆ షాపులో నేర్చుకున్న ఇంకొక సంగతి విలువ నాకు చాలా కాలం తరువాత గానీ తెలియలేదు. పెళ్ళిళ్ల రోజుల్లో సాయంత్రానికి పది లైట్లు సిద్ధం కావాలి. వాటిలో ఒకదాని ఒత్తిడి చూపే గేజీ పనిచేయదు, ఇంకొకదాని టోపీ తుప్పు పట్టి ఉంటుంది, మరొకదాని ఆవిరి గొట్టం మూసుకుపోయి ఉంటుంది. అప్పుడు ఏ భాగం చేతికి దొరికితే అది బిగించి పంపేవాళ్లం. సీజను ముగిసేసరికి ఏ లైటు టోపీ ఏ టాంకు మీద కూర్చుందో మాకే గుర్తుండేది కాదు. మన ఊళ్లలో మిగిలిన పాత లైట్లలో అత్యధిక భాగం ఇలాంటి చేతుల మీదుగా వచ్చినవే.

ఈ రోజు నేను చెప్పదలచినదంతా ఆ అనుభవం నుంచే పుట్టింది. ఒక లైటు అరుదైన రకం అవునో కాదో తేల్చాలంటే, మార్చడానికి అన్నిటికంటే కష్టమైన భాగం దగ్గర మొదలుపెట్టి, తేలికగా మారిపోయే భాగాల వైపు రావాలి. ఆ వరుసలో భాగాలన్నీ ఒకే కాలాన్ని, ఒకే చోటును చెబితేనే దానిని ప్రత్యేక రకంగా నమోదు చేయాలి. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. ముందు పేరు చదువుతారు, తరువాత గ్లాసు మీది ముద్ర, తరువాత టోపీ ఆకారం చూస్తారు, టాంకును తిరగేయడం మాత్రం అన్నిటికంటే చివరి పనిగా పెట్టుకుంటారు. గ్లాసు ఒక్క చేతిజారుకు పగిలి మారిపోయే వస్తువు, టాంకు మాత్రం లైటు పుట్టిన నాటి నుంచి పోయే వరకు అదే ఉంటుంది.

మొదట వంశం తేలాలి. పంపు లైట్లను ఏ దేశంలో చేసినా, కిరసనాయిలును ఆవిరి చేసే గొట్టం ఎటు వెళుతుందో చూస్తే అవి చాలావరకు మూడు కుటుంబాలుగా విడిపోతాయి. జర్మన్ పెట్రోమాక్స్ తరహాలో ఆ గొట్టం మాంటిల్ పక్కనుంచి పైకి వెళ్లి, మాంటిల్ పైన ఒక మెలిక తిరిగి, నాజిల్ దగ్గర ముగుస్తుంది. ఇంగ్లండుకు చెందిన టిల్లీ లైటులో గొట్టం నిటారుగా మాంటిల్ మధ్యలోంచే పైకి పోతుంది, అందుకే దాని మాంటిల్‌కు అడుగున కూడా ఒక రంధ్రం ఉంటుంది. దానిని వెలిగించే ముందు స్పిరిటులో తడిపిన చిన్న పటకారు వంటి సాధనాన్ని గొట్టానికి తగిలించి వేడి చేస్తారు. అమెరికాలోని కోల్‌మన్ లైట్లలో సన్నని గొట్టం మాంటిల్‌ను ఆనుకున్నట్టుగా నిలబడి ఉంటుంది, రెండు మాంటిళ్లు ఉన్న రకాల్లో అయితే వాటి నడుమ నుంచి వెళుతుంది. కోల్‌మన్ లైట్లలో అధిక భాగం కిరసనాయిలుకు కాక తేలిక రకం పెట్రోలుకు చేసినవి. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. కిరసనాయిలు లైటులో పెట్రోలు పోయడం ప్రాణాపాయం, కాబట్టి వంశం తెలియని లైటును ఎవరూ వెలిగించవద్దు.

మాంటిల్ గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. అది రకాన్ని గుర్తించడానికి బొత్తిగా పనికిరాని భాగం, ఎందుకంటే నాలుగు రాత్రులకోసారి మారిపోతుంది. అయినా ఈ లైట్లు పుట్టడానికి కారణం అదే. ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ అవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ 1885లో తొలి మాంటిల్‌కు పేటెంటు తీసుకున్నాడు. దాని వెలుగు ఆకుపచ్చ ఛాయలో ఉండి జనానికి నచ్చలేదు. 1891లో ఆయన నూటికి తొంభైతొమ్మిది పాళ్లు థోరియం ఆక్సైడు, ఒక పాలు సీరియం ఆక్సైడు కలిపి చేసిన మాంటిల్ తెల్లటి వెలుగు ఇచ్చింది. ఆ థోరియం మోనజైటు అనే ఖనిజం ఉన్న ఇసుక నుంచి వస్తుంది. 1909లో షోంబర్గ్ అనే జర్మన్ రసాయనవేత్త తిరువాన్కూరు నుంచి వచ్చిన కొబ్బరి పీచుకు అంటుకున్న ఇసుకలో మోనజైటును గుర్తించాడు, ఆ తరువాత అక్కడి తీరంలో తవ్వకాలు మొదలయ్యాయి. మన భీమునిపట్నం తీరపు ఇసుకలోనూ అదే ఖనిజం ఉంది. మా ఊరి పెళ్ళి పందిట్లో వెలిగిన దీపానికీ సముద్రపు ఇసుకకూ ఇంత దగ్గర బంధుత్వం ఉందని చదివిన రోజున నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు పెట్రోమాక్స్ సంగతికి వస్తాను. ఆల్బర్ట్ గ్రేట్జ్, ఎమిల్ ఏరిఖ్ అనే ఇద్దరు 1866లో బెర్లిన్‌లో దీపాల కర్మాగారం పెట్టారు. ఆ కుటుంబంలోని మాక్స్ గ్రేట్జ్ కిరసనాయిలును ఆవిరి చేసి మండించే దీపాన్ని రూపొందించాడు. పెట్రోలియం అనే మాటకు ఆయన పేరు జోడించడంతో పెట్రోమాక్స్ అయింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు లైట్ల మీద ఏరిఖ్ అండ్ గ్రేట్జ్ అనీ, బెర్లిన్ అనీ ఉంటుంది. యుద్ధం తరువాత బెర్లిన్‌లోని ఆ కర్మాగారం తూర్పు జర్మనీ వైపు పోయింది, గ్రేట్జ్ కంపెనీ పశ్చిమ జర్మనీలోని ఆల్టెనా పట్టణంలో పని సాగించింది. టాంకు ముద్రలో ఊరి పేరు బెర్లిన్ అయితే ఒక కాలం, ఆల్టెనా అయితే మరొక కాలం. పశ్చిమ జర్మనీ అనే దేశమే 1949లో ఏర్పడింది కాబట్టి, ఆ మాట ఉన్న టాంకు అంతకంటే పాతది అయ్యే అవకాశమే లేదు. ఇది చిన్న తర్కమే అయినా, మా తాతగారు 1930లో కొన్నదని చెప్పి నా దగ్గరకు తెచ్చిన ఎన్నో లైట్ల వయసును ఈ ఒక్క మాట తేల్చేసింది. ఆ కుటుంబాలు అబద్ధం చెప్పాయని నేను అనడం లేదు. తాతగారు కొన్న లైటు చెడిపోయి, దాని చోట తండ్రిగారు ఇంకొకటి కొని ఉంటారు, ఇంట్లో వాళ్ల జ్ఞాపకంలో మాత్రం రెండూ కలిసి ఒకటే లైటుగా నిలిచిపోయి ఉంటాయి.

అదే ముద్రలో ఒక అంకె, దాని పక్కన రెండు అక్షరాలు ఉంటాయి. మనకు ఎక్కువగా కనబడేది 829 అనే పెద్ద లైటు, దాని మీద 500 సీపీ అని ఉంటుంది. కొన్నిటి మీద అదే 500 పక్కన హెచ్‌కే అని ఉంటుంది. సీపీ అంటే ఇంగ్లీషువారి కొవ్వొత్తి కొలత. హెచ్‌కే అంటే హెఫ్నర్ కెర్జె, అంటే హెఫ్నర్ కొవ్వొత్తి, జర్మనీలో వాడిన కొలత. హెఫ్నర్ ఆల్టెనెక్ అనే ఇంజనీరు అమైల్ ఎసిటేటు అనే ద్రవంతో మండే ఒక దీపాన్ని తయారుచేసి, జ్వాల ఎత్తు సరిగ్గా 40 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు అది ఇచ్చే వెలుగును ఒక ప్రమాణంగా ప్రతిపాదించాడు. అది నేటి వెలుగు ప్రమాణమైన కాండెలాలో దాదాపు తొమ్మిది పదో వంతులు మాత్రమే. అంటే 500 హెచ్‌కే, 500 సీపీ అనే రెండు రాతలు సమానం కావు. అయినా రెండూ ఒకే తరహా లైటు మీద కనబడతాయి, కాబట్టి ఈ అంకెను వెలుగు కొలతగా కాక అంగడి పేరుగా చదవడమే మంచిది. రకాన్ని గుర్తించేవారికి దీని ఉపయోగం వేరు. హెచ్‌కే అని ఉన్న టాంకు చాలావరకు జర్మన్ మాట్లాడే ప్రాంతాల కోసం ముద్ర వేసినది, సీపీ అని ఉన్నది ఇంగ్లీషు చదివే దేశాలకు ఎగుమతి కోసం వేసినది. తెలుగునాట దొరికే పాత జర్మన్ లైట్ల మీద సీపీ ఉండడం సహజం. ఎక్కడైనా హెచ్‌కే కనబడితే ఆ లైటు మామూలు వర్తకపు దారిలో రాలేదని అనుమానించి, అది ఎవరి చేత, ఎప్పుడు వచ్చిందో ఆ ఇంటివారిని ఓపికగా అడగాలి.

ముద్ర తరువాత లోహం చూడాలి. నా చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. మంచి కాలపు టాంకులు ఇత్తడివి, వాటికి అయస్కాంతం అంటుకోదు. అంటుకుందంటే టాంకు ఇనుముది. యుద్ధకాలంలో ఇత్తడి తూటాల తయారీకి పోవడంతో జర్మన్ కర్మాగారాలు ఇనుప రేకుతో టాంకులు చేసి రంగు వేశాయి. అవి తుప్పు పట్టి చాలావరకు నశించాయి కాబట్టి, మిగిలినవి సేకరించేవారికి ప్రియమైనవి. లైప్జిగ్‌లోని హాసాగ్ కంపెనీ కూడా అలాంటివి చేసింది. ఆ కంపెనీ యుద్ధంలో ఆయుధాలు చేస్తూ, నిర్బంధ శిబిరాల నుంచి తెచ్చిన వేలాది మందిని బలవంతపు చాకిరీలో హింసించిన కంపెనీ. హాసాగ్ లైటును చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ సంగతి నేను మరిచిపోలేను, నా జాబితాలో దాని పేరు పక్కన ఆ చరిత్ర కూడా రాసి పెడతాను. అయితే అయస్కాంతం అంటుకున్న ప్రతి లైటూ యుద్ధకాలపుది కాదు. ఎన్నో ఏళ్ల తరువాత వచ్చిన చవక రకాలు కూడా ఇనుపవే. అందుకే టాంకు ముద్ర, అడుగు అంచును మడిచిన తీరు, రంగు కింద ఇంకో పొర ఉందో లేదో, ఇవన్నీ కలిసి రావాలి. అయస్కాంతం అనుమానాన్ని మాత్రమే పుట్టిస్తుంది.

పూత కూడా కాలం చెబుతుంది. నికెల్ పూతలో కొద్దిగా పసుపు ఛాయ ఉండి మెరుపు మెత్తగా కనబడుతుంది, క్రోమియం పూతలో నీలి ఛాయ ఉండి మెరుపు పదునుగా ఉంటుంది. క్రోమియం పూత వ్యాపారంలోకి వచ్చింది 1920ల చివరలో. దానికి ముందరి లైటు క్రోమియంతో తళతళలాడుతుంటే ఎవరో మళ్లీ పూత వేయించారని అర్థం. మళ్లీ పూత వేసే ముందు పాలిష్ చక్రం మీద రుద్దుతారు కాబట్టి, ముద్ర అక్షరాల అంచులు అరిగి గుండ్రంగా అయిపోతాయి. పాత వస్తువును మెరిపించి అమ్మితే ఎక్కువ ధర వస్తుందన్న ఆశతో ఈ పని ఇప్పటికీ జరుగుతోంది. ఆ చక్రం ఒక్క నిమిషంలో తుడిచేసిన ముద్రను ఎవరూ తిరిగి తేలేరు. ఈ విషయంలో నా బాధ కొంచెం పెద్దదే, మన్నించాలి.

ఇక ఒక లైటు కథ విస్తారంగా చెబుతాను. ఎడమవైపున్నది అదే. కొన్నేళ్ల కిందట హైదరాబాదులో జుమేరాత్ బజారులో దీనిని కొన్నాను. 829 తరహా లైటులో టాంకు మీద రాపిడ్ అనే అమరిక ఉంటుంది. మన మెకానిక్కులు కూడా దానిని ఆ పేరుతోనే పిలుస్తారు. టాంకులో గాలి నింపి, ఆ చిన్న మీటను వంచితే కిరసనాయిలు తుంపర పైకి చిమ్ముతుంది, దానికి అగ్గిపుల్ల పెడితే గట్టిగా మండి, నిమిషం నిమిషంన్నరలో ఆవిరి గొట్టాన్ని వేడి చేస్తుంది. రాపిడ్ లేని రకాల్లో స్పిరిటు గిన్నెలో స్పిరిటు పోసి వెలిగించాలి. నాకు అమ్మిన వ్యక్తి చూపించిన లైటులో రాపిడ్ లేదు. పెద్ద టాంకు, 500 సీపీ ముద్ర, కానీ స్పిరిటు గిన్నె మాత్రమే ఉంది. ఇది చాలా అరుదైన రకమని, రాపిడ్ రాకముందు చేసినదని అతను చెప్పాడు. నేనూ నమ్మాను. నమ్మాలని కోరిక బలంగా ఉన్నప్పుడు కళ్లు కూడా ఆ కోరిక వైపే మొగ్గుతాయి.

ఇంటికి తెచ్చాక రెండు రోజులు దానిని తుడవకుండా చూస్తూ కూర్చున్నాను. మూడో రోజు గ్లాసు, టోపీ తీసి, లోపలి చట్రాన్ని విడిగా పట్టుకుని చూశాను. చట్రపు అడుగు పళ్లెంలో ఒక పక్క రంధ్రం ఉంది. స్పిరిటు గిన్నెకు ఆ రంధ్రంతో పనిలేదు. రాపిడ్ జ్వాల పైకి రావడానికే అక్కడ దారి వదులుతారు. అప్పుడు అనుకున్నాను, టాంకు పాతదై ఉండి, చట్రం వేరే లైటుది తెచ్చి పెట్టి ఉండవచ్చు కదా అని. చట్రం మార్చడం తేలిక కాబట్టి అది బలమైన సాక్ష్యం కాదు. టాంకును వెలుగులో ఏటవాలుగా పట్టుకుని, ఆ రంధ్రం కిందికి వచ్చే చోట వేలితో తడిమాను. రూపాయి బిళ్ళకంటే చిన్న వృత్తం ఒకటి, గోటికి మాత్రమే తగిలే అంచుతో ఉంది. అక్కడ నికెల్ రంగు చుట్టుపక్కల కంటే కొంచెం నల్లగా ఉంది. టాంకు మూత తీసి, సన్నని టార్చి లోపలికి దించి, దంతవైద్యులు వాడే అద్దం లాంటి చిన్న అద్దంతో చూస్తే, లోపలి వైపు టంకం బొట్టు గట్టిపడి వేలాడుతోంది. ఎవరో రాపిడ్ పాడైతే దానిని పీకేసి, రంధ్రానికి ఇత్తడి బిళ్ళ పెట్టి, టంకంతో మాటు వేసి, పైన ఎంతో నేర్పుగా నునుపు చేశారు. నా అరుదైన రకం ఒక మామూలు రాపిడ్ లైటే.

ఆ రోజు నిరాశ పడ్డాను. ఆ తరువాత దానిని చూసిన కొద్దీ ఆ మాటు మీద గౌరవం పెరుగుతూ వచ్చింది. ఒత్తిడి పెట్టే టాంకుకు రంధ్రం పూడ్చడం చిన్న పని కాదు, లోపల కిరసనాయిలు ఆవిరి మిగిలి ఉంటే టంకపు కాక తగలగానే పేలుతుంది. ఆ మనిషి టాంకును వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఆ పని చేసి ఉండాలి. ఆయన పేరు ఎవరూ రాసి పెట్టలేదు. నా పుస్తకంలో ఈ లైటును మామూలు 829గానే నమోదు చేసి, రాపిడ్ తొలగించిన మరమ్మతు ఉందని దాని కింద రాశాను. ఆ బిళ్ళను పీకి కొత్త రాపిడ్ పెట్టమని స్నేహితులు సలహా ఇచ్చినా నేను ఒప్పుకోలేదు.

తారీఖు విషయంలో అందరికంటే మనకు సాయం చేసింది అమెరికా కంపెనీ. కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలో పెరిగిన కోల్‌మన్ కంపెనీ తన లైట్ల టాంకు అడుగున తయారీ కాలాన్ని కొట్టేది. పాత పద్ధతిలో ఇంగ్లీషు ఎ (A) అక్షరం ఉంటే సంవత్సరంలో మొదటి ఆరు నెలలు, బి ఉంటే చివరి ఆరు నెలలు. 1950లలో పద్ధతి మారి, ఒక పక్క నెల అంకె, ఇంకో పక్క సంవత్సరపు చివరి రెండు అంకెలు వచ్చాయి. ఒక పక్క 6, ఇంకో పక్క 62 ఉంటే అది 1962 జూన్ నెల. దీనివల్ల అక్కడి సేకర్తలలో ఒక ముచ్చట పుట్టింది. తాము పుట్టిన నెలా సంవత్సరమూ ఉన్న లైటును వెతికి సంపాదించి, దానిని పుట్టినరోజు లైటు అంటారు. అమెరికాలో ఉంటున్న మన తెలుగు కుర్రవాళ్లు కొందరు వారాంతాల్లో పాత సామాన్ల అమ్మకాలకు వెళ్లి, తమ తండ్రుల పుట్టిన నెల ఉన్న లైటు కోసం వెతుకుతున్నారని వింటే నాకు చాలా సంతోషం కలిగింది.

కోల్‌మన్‌లో ఒక్క మాంటిల్‌తో పనిచేసే 200ఏ అనే ఎర్ర టాంకు లైటు 1950ల ఆరంభం నుంచి 1980ల దాకా వచ్చింది. లక్షల్లో తయారైన వస్తువు కాబట్టి, దానిలో అరుదైనవన్నీ రంగులో, చిన్న మార్పుల్లోనే ఉంటాయి. 1960ల మొదట్లో కొంతకాలం ముదురు మెరూన్ రంగులో వచ్చాయి. 1971లో గోల్డ్ బాండ్ అనే బహుమతి స్టాంపుల పథకం కోసం బంగారు రంగు టాంకుతో ఒక విడత వచ్చింది, దానిని సేకర్తలు గోల్డ్ బాండ్ లైటనే పిలుస్తారు. అక్కడున్న ఒక మిత్రుడు తనకు గోల్డ్ బాండ్ దొరికిందని చెప్పి నాకు ఫొటోలు పంపాడు. రంగు బాగుంది, గ్లాసు బాగుంది. టాంకు అడుగు ఫొటో పంపమన్నాను. అందులో ఒక పక్క 5, ఇంకో పక్క 68 ఉన్నాయి. 1968 మేలో తయారైన టాంకు, 1971 పథకం కోసం వేసిన రంగును కర్మాగారంలో పొందే వీలు లేదు. వాల్వు కింద పెయింటు మడతలో ఎర్ర రంగు గీత కూడా కనబడింది. అతను ఇచ్చిన ధర ఎక్కువే. పోయిన డబ్బు కంటే తాను మోసపోయానన్న భావన అతన్ని ఎక్కువ కుంగదీసింది. కొనే ముందే అడుగు ఫొటో అడగమని ఇప్పుడు అందరికీ అతనే చెబుతున్నాడు.

పేరు మారినా కర్మాగారం మారని సందర్భాలు కూడా ఉన్నాయి. ఇంగ్లండులో యార్క్‌షైర్‌లోని హాలిఫాక్స్ పట్టణంలో విల్లిస్ అండ్ బేట్స్ అనే కంపెనీ అలాద్దీన్ కంపెనీ కోసం బియాలాద్దీన్ అనే పేరుతో లైట్లు చేసింది, అవే లైట్లు తరువాత వాపాలక్స్ అనే పేరుతో సాగాయి. రెండు పేర్లను చూసి రెండు వంశాలనుకోవడం పొరపాటు. అమెరికాలో సియర్స్ వంటి పెద్ద దుకాణాల పేరుతో అమ్మిన లైట్లలో కొన్ని కోల్‌మన్ చేసి ఇచ్చినవే. వాపాలక్స్ లైట్లలో సైన్యానికి వెళ్లిన వాటి మీద మూడు గీతలతో వేసిన బాణం గుర్తు, సంవత్సరం ఉంటాయి. ఆ బాణం బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తికి గుర్తు. కెనడా సామాను మీద ఇంగ్లీషు సి అక్షరం లోపల, ఆస్ట్రేలియా సామాను మీద రెండు డి అక్షరాల నడుమ, బ్రిటిష్ ఇండియా సామాను మీద ఐ అక్షరంతో కలిపి ఆ బాణం వేసేవారు. కంటోన్మెంటు ఊళ్లలో, ముఖ్యంగా సికింద్రాబాదు వైపు, పాత సామానులో ఏ లోహపు వస్తువు దొరికినా ఆ బాణం కోసం చూడండి. అయితే ఈ గుర్తును ఒక ఉలితో ఎవరైనా కొట్టగలరు. కర్మాగారంలో కొట్టిన గుర్తు పూత కింద ఉంటుంది, తరువాత కొట్టినది పూతను చీల్చుకుని ఉంటుంది. భూతద్దంలో చూస్తే ఈ తేడా దాగదు.

జర్మన్ లైటును చూసి పోర్చుగల్‌లోని టోరెస్ వెద్రాస్ ఊళ్లో కాసా హిపోలిటో కంపెనీ, చైనాలో యాంకర్, బటర్‌ఫ్లై వంటి పేర్లతో పలు కర్మాగారాలు, మన దేశంలో ప్రభాత్ వంటి పేర్లతో మరికొందరు లైట్లు చేశారు. వీటిని నకళ్లని తీసిపారేసేవారితో నేను ఏకీభవించను. మన దేశంలో చేసిన లైట్ల మీద ఉన్న చిన్న చిన్న మార్పులను, మూత మర ఎంత లోతుగా కోశారు, పిడి కొక్కెం ఎలా వంచారు అనేవాటిని రాసి పెట్టినవారు చాలా తక్కువ. బెర్లిన్ లైటు గురించి ప్రపంచంలో ఎక్కడైనా ఎవరైనా చెబుతారు. మన దగ్గర చేసిన లైటు గురించి మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు. చిక్కేమిటంటే వీటి భాగాలు చాలావరకు జర్మన్ లైటుకు సరిపోతాయి. జర్మన్ టాంకు మీద చైనా టోపీ, మన దేశపు గేజీ, పోర్చుగల్ బర్నరు ఒకే లైటులో హాయిగా కలిసి పనిచేయగలవు. అలాంటి లైటును చూసి, ఇంతవరకు ఎవరూ చూడని రకమని ప్రకటించినవారిని నేను చూశాను. ఒక్కొక్క భాగాన్ని విప్పి పక్కన పెడితే, అందులో ఎవరికీ తెలియని భాగం ఒక్కటీ ఉండదు.

చేతితో చేసే పని గురించి కొన్ని మాటలు చెప్పాలి. లైటు దొరికిన వెంటనే దుమ్ముతో సహా ఫొటోలు తీయండి. ముద్ర అరిగిపోయి ఉంటే చీకటి గదిలో టార్చిని దాదాపు పడుకోబెట్టినట్టు ఏటవాలుగా పట్టండి, పగలు కనబడని అక్షరాలు నీడల్లో తేలతాయి. పల్చని కాగితం పరిచి మెత్తటి పెన్సిలుతో రుద్దితే ముద్ర కాగితం మీదికి వస్తుంది. చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమే అలవాటు ఇంటి ఇత్తడి గిన్నెలకు బాగానే ఉంటుంది గానీ, నికెల్ పూతను అది తినేస్తుంది. పాత వాల్వు కారకుండా లోపల కూరిన సామగ్రిలో రాతినార (ఆస్బెస్టాస్) ఉండే అవకాశం ఉంది, దానిని పొడిగా గీకి ఊదకండి. పాత మాంటిల్ బూడిదలో రేడియోధార్మికత ఉన్న థోరియం ఉంటుంది కాబట్టి నోటితో ఊదడం మా షాపులో అందరం చేసిన తప్పు, మీరు చేయవద్దు. టాంకు గట్టిదో కాదో చూడాలంటే గాలితో కాక నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూడాలి. గాలితో నిండిన టాంకు పగిలితే ముక్కలు ఎగురుతాయి, నీళ్లతో నిండినది ఊరకే కారుతుంది.

ఇప్పుడు ఈ నడిమి లైటును చూద్దాం. దీనిని నేను పోయిన నెలలో రాజమహేంద్రవరంలో ఒక పాత ఇంటివారి దగ్గర తీసుకున్నాను, ఇంకా తుడవలేదు. టాంకుకు ఆకుపచ్చ రంగు ఉంది, పేరు కనబడడం లేదు. టోపీ పింగాణీ పూతది, అది ఎక్కడి నుంచైనా వచ్చి ఉండవచ్చు కాబట్టి దానిని పక్కన పెడుతున్నాను. గ్లాసు కొత్తది, దానినీ పక్కన పెడుతున్నాను. ముందు వరుసలోని బాబూ, ఈ అయస్కాంతం తీసుకుని టాంకు పక్కన ఆనించు. అంటుకుంది కదా. ఇక దీపాలు ఆర్పితే టార్చి పట్టుకుని టాంకు తిరగేస్తాను, దగ్గరకు రాగలిగినవారు రండి.